వేలాడే చర్మం పస్తులతో తగ్గదు

ప్రశ్న: నా వయసు 43. గుంటూరు జిల్లాలో స్కూల్ టీచర్‌ని. ఎత్తు 158 సెంటీమీటర్లు. ఆరేళ్ళ కిందట 118 కిలోలున్నప్పుడు బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. ఏడాదిన్నరకి 69 కిలోలకు వచ్చాను. షుగర్ మాత్రలు ఆగాయి, మోకాళ్ళ నొప్పులు పోయాయి. గత రెండు మూడేళ్ళలో మెల్లగా మళ్ళీ 77 అయ్యాను. పొట్ట చర్మం తొడల మీదికి జారి వేలాడుతోంది. చెయ్యెత్తి బోర్డు మీద రాస్తుంటే జబ్బ కింద చర్మం ఊగుతుంది, పిల్లలు చూస్తున్నారేమోనని ఒకటే టెన్షన్. ఎండాకాలంలో పొట్ట మడత కింద ఎర్రగా ఒరుసుకుపోయి వాసన వస్తోంది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గి మళ్ళీ వస్తోంది. పొట్ట తగ్గాలని కొన్ని నెలలుగా రాత్రి భోజనం మానేశాను. "అంత డబ్బు పోసి కోయించుకుని మళ్ళీ మొదలెట్టావా" అని మా పెద్దాడపడుచు నలుగురిలో అంది. మా వారు ఏమీ అనరు గానీ నేనే ఆయన ముందు చీర మార్చుకోలేకపోతున్నాను. డాక్టర్ గారికి మొహం చూపించలేక మూడేళ్ళుగా చెకప్‌కి వెళ్ళలేదు, విటమిన్ మాత్రలూ మానేశాను. మాఘమాసంలో మా అన్నయ్య కూతురి పెళ్ళి. ఈలోగా ఆ చర్మం తీయించుకోవచ్చా? నేను మళ్ళీ 118కి వెళ్ళిపోతానా? (పేరు వద్దు)

సమాధానం:

ఈ రాత్రి నుంచే భోజనం చేయండి. మీరు అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను, కానీ ముందు ఆ పస్తు ఆపండి. మీరు రాసినదాన్ని బట్టి పొట్ట మీద నుంచి వేలాడుతున్నది చాలావరకు వదులైన చర్మమే అయి ఉంటుంది. తిండి మానేస్తే చర్మం తగ్గదు. దాని కింద మిగిలిన కొవ్వు కొంత, దాంతో పాటు కండ కొంత కరుగుతాయి. లోపలి నిండుదనం పోయేసరికి పైన చర్మం ఇంకాస్త వదులై ఇంకాస్త కిందికి జారుతుంది. అద్దంలో అది చూసి, పొట్ట తగ్గలేదనుకుని, మీరు మరో పూట మానేస్తారు. బరువు తగ్గే ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళకి ఆహారం గురించి చెప్పడం నా పని. ఆపరేషన్ అయి నాలుగైదేళ్ళు దాటాక వచ్చే ఆడవాళ్ళ దగ్గర నేను ఎక్కువగా వినేది ఈ సంగతే. వాళ్ళంతా చెప్పింది చెప్పినట్టు పాటించినవాళ్ళు. చివరికి తమ ఒంటి మీద తమకే కోపం వచ్చి, తిండి మానేసి నీరసపడిపోయినవాళ్ళు.

మీ ఉత్తరంలో రెండు సమస్యలు కలిసిపోయి ఒకటిగా కనిపిస్తున్నాయి. ఒకటి చర్మం, ఇంకోటి తిరిగొచ్చిన ఎనిమిది కిలోలు. రెంటికీ కారణాలు వేరు, చేయాల్సిన పనులు వేరు. చర్మం మీద కోపంతో తిండి తగ్గిస్తే రెండూ చెడతాయి. అందుకని దేని గురించి దానికి విడిగా రాస్తున్నాను.

ముందు చర్మం సంగతి. చర్మం సాగి మళ్ళీ బిగియడానికి అందులో ఉండే కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పీచులు కారణం. ఎక్కువ బరువు ఏళ్ళ తరబడి ఉంటే ఈ పీచులు పలచబడి తెగిపోతాయి. చాలాకాలం సాగదీసి ఉంచిన ఎలాస్టిక్ వదిలేశాక మళ్ళీ ముడుచుకోదు కదా, ఇదీ అంతే. ఎన్నేళ్ళు లావుగా ఉన్నారు, ఎంత బరువు తగ్గారు, ఆపరేషన్ నాటికి వయసెంత, కాన్పులు ఎన్ని అన్నదాన్ని బట్టి కొందరికి ఎక్కువగా, కొందరికి తక్కువగా వేలాడుతుంది. మీరు 49 కిలోలు తగ్గారు. అంత తగ్గిన మనిషికి చర్మం వదులవడం మామూలు. మీరేదో సరిగ్గా చేయనందువల్ల వచ్చింది కాదు. ఆపరేషన్‌కి ముందే ఈ మాట గట్టిగా చెప్పి, ఫొటోలు చూపించి పంపించి ఉంటే మీరిన్నాళ్ళు ఇంత బాధపడేవారు కాదు. ఆపరేషన్ అయ్యాక ఎంత బరువు తగ్గుతారో చెప్పినంత శ్రద్ధగా చర్మం గురించి చెప్పే చోట్లు ఇప్పటికీ తక్కువే. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

క్రీములు, నూనెలు, నలుగు, పొట్టకు కట్టే బెల్టులు, వీటిలో ఏవీ ఇంత వదులైన చర్మాన్ని బిగించలేవు. వాటి మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. వ్యాయామంతో చర్మం ముడుచుకోదు గానీ, కింద కండ పెరిగితే జబ్బలు, తొడలు కొంత నిండుగా కనిపిస్తాయి. చేతుల దగ్గర ఆ తేడా కొద్దిగా తెలుస్తుంది, పొట్ట దగ్గర చాలా తక్కువ.

మీ బాధల్లో అన్నిటికంటే త్వరగా తగ్గించగలిగింది ఆ ఒరుపు. పొట్ట మడత కింద చర్మానికి చర్మం రాసుకుంటూ ఉంటుంది, గాలి తగలదు, చెమట ఆరదు. మన వైపు ఎండల్లో అక్కడ ఫంగస్ పట్టడానికి ఇంకేం కావాలి? ఎర్రబడటం, మంట, దురద, వాసన అన్నీ అందువల్లే. మీరు రాస్తున్న ట్యూబు పెట్టె మీద ఏముందో ఒకసారి చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటి పేర్లు కనిపిస్తే అది స్టెరాయిడ్. చీటీ లేకుండా ఇచ్చే చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల ఎరుపు, దురద రెండు రోజుల్లో తగ్గిపోతాయి, లోపల ఫంగస్ మాత్రం అలాగే ఉండి మళ్ళీ పైకి వస్తుంది. మడతల్లో అదే పనిగా రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి. మన దేశంలో మొండి తామర ఇంతగా పాకిపోవడానికి ఈ కలిపిన ట్యూబులు ఒక పెద్ద కారణమని చర్మ వైద్యులు చాలా ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. ఆ ట్యూబునే నమ్ముకోకుండా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళండి. స్టెరాయిడ్ లేని ఫంగస్ మందు రాస్తారు. ఎరుపు పోయినా వాళ్ళు చెప్పినన్ని రోజులు రాయాలి.

ఇంట్లో చేయాల్సింది చర్మాన్ని పొడిగా ఉంచడం. స్నానం చేశాక మడత పైకెత్తి మెత్తటి నూలు గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. రెండు నిమిషాలు ఫ్యాన్ కింద ఆరనిచ్చి ఆ తర్వాతే బట్టలు వేసుకోండి. ఉతికిన పాత నూలు పంచె ముక్కలు కొన్ని దగ్గర పెట్టుకుని, మడతలో ఒకటి పరచండి. స్కూల్లో మధ్యాహ్నం అది తీసి పొడిది పెట్టుకోండి. టాల్కం పౌడర్ చెమటతో కలిసి ముద్ద కట్టి ఇంకా ఒరుస్తుంది కాబట్టి వద్దు. కొబ్బరినూనె, పసుపు పూస్తే మంట తగ్గుతుందని ఎవరైనా చెబుతారు. మడతలో జిడ్డు ఉంటే తడి ఆరదు, అదీ వద్దు. ఎప్పుడైనా ఎరుపు చుట్టూ పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంకో మాట. మడతల్లో ఫంగస్ పదే పదే వస్తుంటే షుగర్ మళ్ళీ పెరిగిందేమో చూడాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈ వారంలోనే చేయించుకోండి.

చీర కట్టేవాళ్ళకి లంగా బొందుతో ఇంకో బాధ ఉంటుంది. వేలాడే చర్మం మీద బొందు బిగించి కడితే ఆ గీత రోజూ ఒకేచోట పడి, నల్లబడి, పుండు పడుతుంది. 2024లో మహారాష్ట్ర, బిహార్ డాక్టర్లు పెద్దవయసు ఆడవాళ్ళిద్దరి గురించి ఒక వైద్య పత్రికలో రాశారు. దశాబ్దాల తరబడి బొందు ఒరిసిన చోట మానని పుండు పడి, చివరికి అది చర్మ కేన్సర్ అయింది. అలా జరగడం చాలా అరుదు, భయపడొద్దు. కానీ బొందు కింద మానని పుండు ఉంటే మాత్రం చూపించుకోవాలి. వెడల్పు పట్టీ ఉన్న లంగా కుట్టించుకోండి. మడతను పైకెత్తి లోపల సర్దుకునేలా నడుము పైదాకా వచ్చే నూలు లోదుస్తులు వేసుకుని, లంగాని దాని మీద కట్టండి. నడిచేటప్పుడు పొట్ట ఊగకుండా కూడా ఇది పనికొస్తుంది. ఊగుతుందనే సిగ్గుతో నడక మానేసినవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఇక ఆపరేషన్. పెళ్ళిలోపు వద్దు. ఇది నేను ఖచ్చితంగా చెబుతాను, ఏ మంచి ప్లాస్టిక్ సర్జన్ అయినా ఇదే చెబుతారు. వేలాడే చర్మం తీయాలంటే బరువు కనీసం ఆరు నెలలు ఒకచోట నిలబడి ఉండాలి. మీది ఇంకా పెరుగుతోంది. ఒంట్లో ప్రొటీన్, రక్తం తగినంత లేకపోతే కుట్లు మానవు. మీరు నెలల తరబడి రాత్రి తిండి, మూడేళ్ళుగా విటమిన్లు మానేసి ఉన్నారు. ఈ పరిస్థితిలో కత్తి పెట్టించుకుంటే గాయం అంచులు విచ్చుకోవడం, కింద నీరు చేరడం, చీము పట్టడం లాంటివి జరగొచ్చు. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళలో కూడా, ఎక్కువ బరువు తగ్గాక చేసే ఈ ఆపరేషన్లలో గాయం సమస్యలు తక్కువేం కాదు. కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంటుంది. బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 30 లోపు ఉంటే ఈ ప్రమాదాలు తగ్గుతాయి. మీ ఎత్తుకి 77 కిలోలంటే బీఎంఐ 31కి దగ్గర. 74కి వచ్చి అక్కడ ఆరు నెలలు నిలిస్తే మంచి స్థితిలో ఆపరేషన్‌కి వెళ్ళొచ్చు. అదేమీ అందని దూరంలో లేదు.

అప్పటికి ఏం అడగాలో తెలియాలి కాబట్టి చెబుతున్నాను. పొట్టకి చేసేవాటిలో ఒకటి వేలాడే చర్మాన్ని మాత్రమే తీసేది. రెండోది, టమ్మీ టక్ అని అందరూ అనేది. అందులో లోపలి కండరాలను కూడా బిగించి కుడతారు, బొడ్డు చోటు మారుస్తారు. దేనికైనా ఒక నడుము ఎముక నుంచి ఇంకో నడుము ఎముక దాకా అడ్డంగా మచ్చ ఉంటుంది. మరీ ఎక్కువ చర్మం ఉంటే నిలువుగా ఇంకో మచ్చ పడుతుంది. చేతులకి చేస్తే చంక నుంచి మోచేయి దాకా లోపలి వైపు మచ్చ పడుతుంది, జాకెట్టు చేతులు పొట్టిగా ఉంటే అది కనిపిస్తుంది. మన చర్మం రంగుకి మచ్చలు నల్లగా, కొందరికి ఉబ్బుగా మానతాయి. పొట్ట ఆపరేషన్ అయ్యాక నీరు పోవడానికి గొట్టాలు కొన్ని రోజులు ఉంటాయి, బిగుతు బెల్టు కొన్ని వారాలు వేసుకోవాలి, నెలన్నర దాకా బరువులు ఎత్తకూడదు. ఇవన్నీ తెలిసి కూడా చేయించుకుని హాయిగా ఉన్నవాళ్ళు నాకు తెలుసు. ఒరుపు పోయి, నడక తేలికై, నచ్చిన చీర కట్టుకోగలిగామని చెబుతారు. అవసరం లేదనుకుని అలాగే ఉండిపోయినవాళ్ళూ తెలుసు. ఏది మేలన్నది మీరు తీసుకోవాల్సిన నిర్ణయం, మీ ఆడపడుచుది కాదు. లైపోసక్షన్ అని ఎవరైనా చెబితే మాత్రం ఒప్పుకోకండి. అది కొవ్వును పీలుస్తుంది, చర్మాన్ని అలాగే వదిలేస్తుంది.

డబ్బు సంగతి. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో రాసిచ్చిన షరతు ఆరోగ్య బీమా పాలసీల్లో సాధారణంగా ఉంటుంది, దాని ప్రకారం అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి క్లెయిమ్ రాదు. ప్రమాదం, కాలిన గాయాలు, కేన్సర్ తర్వాత చేసేదానికి మినహాయింపు ఉంది. ఆరోగ్యానికి నేరుగా, తక్షణంగా ఉన్న ముప్పును తొలగించడానికి అవసరమని చికిత్స చేసే డాక్టర్ ధ్రువీకరించినదానికీ ఉంది. పదే పదే వచ్చే పుండ్లు, ఇన్‌ఫెక్షన్లు, వాటికి వాడిన మందులు కాగితం మీద నమోదై ఉంటే అడిగి చూడటానికి ఒక ఆధారం ఉంటుంది. ఇస్తారని భరోసా లేదు. చర్మ వైద్యుల చీటీలన్నీ దాచుకోమనేది అందుకే. హైదరాబాద్ ఉస్మానియా, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి, అక్కడ కూడా కనుక్కోండి.

పెళ్ళికి మోచేతి దాకా చేతులున్న జాకెట్టు కుట్టించుకోండి. పట్టుచీరకి అది బాగా నప్పుతుంది. మామూలు లంగా బదులు ఒంటికి పట్టే సాగే లంగా కావాలంటే ఆ కొన్ని గంటలు వేసుకోండి, ఇంటికి రాగానే తీసేసి మడతలు ఆరనివ్వండి.

ఇప్పుడు ఆ ఎనిమిది కిలోలు. స్వీడన్‌లో 1987లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న రెండు వేల మందిని ఏళ్ళ తరబడి గమనించారు. వాళ్ళలో గ్యాస్ట్రిక్ బైపాస్ అనే రకం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున తమ బరువులో 32 శాతం తగ్గారు. పదేళ్ళ తర్వాత చూస్తే ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. కొంత తిరిగి రావడం అక్కడ మామూలు సంగతి. మీది వేరే ఆపరేషన్, కాబట్టి అంకెకు అంకె పోల్చలేం. అయినా ఒకసారి లెక్క చూడండి. 118 నుంచి 77 అంటే 41 కిలోలు, దాదాపు 35 శాతం. ఆరేళ్ళ తర్వాత మీరున్న చోటు ఇది. ఓడిపోయినట్టు రాశారు ఉత్తరం. నేను దాన్ని అలా చదవలేకపోయాను.

118కి వెళ్ళిపోతానా అన్నారు. ఆ స్వీడన్ వాళ్ళు సగటున 15 ఏళ్ళకి కూడా పాత బరువుకి చేరలేదు. అలాగని వదిలేయొద్దు. రెండు మూడేళ్ళలో ఎనిమిది అంటే ఏడాదికి మూడు నాలుగు కిలోల వేగం, దాన్ని ఇప్పుడు ఆపడం తేలిక. స్లీవ్‌లో పొట్టలో, అంటే లోపలి జీర్ణాశయంలో, దాదాపు ముప్పావు వంతు తీసేస్తారు, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతో పోతుంది. అందుకే మొదటి ఏడాది ఆకలే తెలియదు. తర్వాత మిగిలిన పొట్ట కొంత సాగుతుంది, ఆకలి మళ్ళీ తెలుస్తుంది. తేలికైన ఒంటికి ఖర్చయ్యే శక్తి కూడా తక్కువ. దానికి తోడు మీరు నలభై దాటారు, నెలసరి మార్పులు మొదలయ్యే వయసు.

అయితే చిన్న పొట్టకి ఒక లక్షణం ఉంది. కోడిగుడ్డు, చేప, చికెన్, పప్పు తింటే నాలుగు ముద్దలకే నిండిపోతుంది. జంతికలు, మిక్చర్, బిస్కెట్లు, సున్నుండలు ఎంత తిన్నా నిండదు. నోట్లోనే నలిగి మెత్తగా జారిపోతాయి. అందుకే భోజనం చాలా తక్కువ చేస్తున్నా బరువు పెరుగుతోందని చెప్పేవాళ్ళ మాట అబద్ధం కాదు. భోజనం తక్కువే, మధ్యలో కొంచెం కొంచెంగా తిన్నదే ఎక్కువ. మీరు రాయలేదు గానీ అడగాలి, స్కూల్ నుంచి వచ్చాక రాత్రి పడుకునే దాకా ఏం తింటున్నారు? రాత్రి భోజనం లేని ఇంట్లో సాయంత్రం డబ్బాల మూతలు ఎక్కువసార్లు తెరుచుకుంటాయి. స్టాఫ్ రూమ్ టీలు కూడా లెక్కపెట్టండి. రెండు చెంచాల చక్కెరతో రోజుకి నాలుగు టీలంటే 40 గ్రాముల చక్కెర, 160 కేలరీలు, పాలు కాకుండా.

మీకు రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి. మన మామూలు అన్నం, చారు, కూరతో అది రాదు. గుడ్డుకి 6 గ్రాములు, ఒక గిన్నె పప్పుకి 6, 7 గ్రాములు, వండిన చికెన్ 100 గ్రాములకి 25 పైన, ఎండు మీల్ మేకర్ బరువులో సగం ప్రొటీనే. పొద్దున రెండు గుడ్లు, ఒక పెసరట్టు. మధ్యాహ్నం క్యారేజీలో ముందు చేప గానీ గుడ్డు గానీ మీల్ మేకర్ కూర గానీ తినేసి, కడుపులో చోటుంటే పప్పన్నం. సాయంత్రం ఉడికించిన శనగలు. రాత్రి చికెన్ గానీ పనీర్ గానీ, ఒక పుల్కా, చివర్లో పెరుగు. పూజలు, ఉపవాసాలున్న రోజుల్లో పెరుగు, పనీర్, మొలకెత్తిన పెసలు పెంచుకోండి. ఏ పూటైనా ప్రొటీన్ ముందు, అన్నం చివర. తినేటప్పుడు నీళ్ళు తాగొద్దు, తిన్నాక అరగంట ఆగండి. ఆపరేషన్ కొత్తలో ఇదంతా మీకు చెప్పే ఉంటారు, అవే నియమాలు ఇప్పుడూ పనిచేస్తాయి.

వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున్నే బరువు చూసి నోట్‌బుక్‌లో రాయండి. రోజూ చూడొద్దు, మీలాంటి స్థితిలో అది రోజంతా పాడుచేస్తుంది. అమెరికాలో బరువు తగ్గి ఏళ్ళ తరబడి నిలబెట్టుకున్నవాళ్ళ అలవాట్లను 1994 నుంచి ఒక రిజిస్ట్రీలో నమోదు చేస్తున్నారు. వాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది వారానికి ఒక్కసారైనా బరువు చూసుకుంటారు, చాలామంది రోజుకి గంట దాకా ఒళ్ళు కదిలించే పని చేస్తారు. మీరు అరగంట నడకతో మొదలుపెట్టండి. వారంలో మూడు రోజులు కండకి పని చెప్పండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి తోయడం, నీళ్ళ సీసాలు పట్టుకుని చేతులెత్తడం చాలు.

సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్ల గురించి మీరు విని ఉంటారు. బరువు తగ్గడానికి 2025 నుంచి ఇవి మన దేశంలో దొరుకుతున్నాయి. ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చిన బరువుకి కూడా డాక్టర్లు కొందరికి రాస్తున్నారు. ఆకలిని బాగా తగ్గిస్తాయి, ఆపేస్తే బరువు సాధారణంగా తిరిగొస్తుంది. ఇప్పటికే తిండి తక్కువైన మీకు ముందు ప్రొటీన్, రక్తం సరిపడా ఉన్నాయో తేలాకే ఆ మాట. డాక్టర్ లేకుండా ఎవరో చెప్పారని మాత్రం తీసుకోకండి.

మాత్రలు మానేశారన్నది నాకు మీ బరువు కంటే ఎక్కువ కంగారు పుట్టించింది. స్లీవ్ తర్వాత విటమిన్లు జీవితాంతం వేసుకోవాలి. బీ12 నిల్వలు ఒంట్లో కొన్నేళ్ళ పాటు ఉంటాయి కాబట్టి మానేసిన కొత్తలో ఏమీ తెలియదు. తర్వాత అరికాళ్ళ తిమ్మిర్లు, మతిమరుపు, నాలుక మంట, ఆయాసం మెల్లగా వస్తాయి. నరాలకి జరిగిన నష్టం ముదిరితే పూర్తిగా వెనక్కి రాదు. నెలసరి ఇంకా వస్తుంటే ఐరన్ కూడా తగ్గి ఉండొచ్చు. కాల్షియం రోజుకి తిండితో కలిపి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు కావాలి. మీలాంటివాళ్ళకి సిట్రేట్ రకం బాగా ఒంటబడుతుంది. ఐరన్, కాల్షియం మాత్రల మధ్య రెండు గంటల దూరం ఉంచండి. ఐరన్ మాత్రని టీతో అస్సలు వేసుకోవద్దు. ఒళ్ళు నొప్పులకని మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు కొనే అలవాటుంటే అదీ ఆపండి, పొట్టలో పుండ్లు పడొచ్చు.

మీ వారి సంగతి. ఆయన ఏమీ అనరని రాశారు. ఏమీ అనకపోవడాన్ని మీరు అసహ్యంగా లెక్కేసుకుంటున్నారేమో. ఏమంటే మీరు బాధపడతారోనని ఊరుకునే మగవాళ్ళు చాలామంది ఉంటారు. ఒకరోజు తీరిగ్గా కూర్చుని, "ఈ చర్మం చూస్తే నాకు సిగ్గుగా ఉంటోంది, మీరేమనుకుంటున్నారో తెలియక ఇంకా భయమేస్తోంది" అని ఆ రెండు మాటలూ అనండి. ఆ ఒరుపుకి మందు రాయడానికి ఆయన సాయం అడగండి. మీ ఆడపడుచుకి వివరణలేమీ అక్కర్లేదు. "వదినా, నా బరువు సంగతి మా డాక్టర్ గారు చూసుకుంటారు" అని ఇంకో మాటలోకి వెళ్ళిపోండి. మళ్ళీ అంటే మళ్ళీ అదే మాట. బోర్డు మీద రాసేటప్పుడు పిల్లల చూపులు మీ చేతి మీద ఉన్నాయో లేవో నేను చెప్పలేను. కానీ ఆ చేత్తో రాసింది నేర్చుకుంటున్నారన్నది నాకు తెలుసు.

రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు లేకపోయినా, బతకడం ఎందుకనిపించినా 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ లైన్ అది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ ఆపరేషన్ల తర్వాత కొందరిలో దిగులు ముదురుతుందని డాక్టర్లకి తెలుసు, మీరొక్కరే కాదు.

చివరిగా చెకప్. తిరిగొచ్చిన బరువుతో వచ్చేవాళ్ళని చూడటం ఆ డాక్టర్లకి రోజూ ఉండే పని. అక్కడికి వెళ్ళడానికి మనసొప్పకపోతే ఇంకో బేరియాట్రిక్ సర్జన్ (బరువు తగ్గే ఆపరేషన్లు చేసే డాక్టర్) దగ్గరికి వెళ్ళండి, లేదా ముందు మీ ఊరి ఫిజీషియన్ దగ్గరే పరీక్షలు చేయించుకోండి. రక్తం పూర్తి పరీక్ష, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డి, కాల్షియం, పీటీహెచ్ (కాల్షియంని అదుపు చేసే హార్మోన్), ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్), థైరాయిడ్, లివర్ పరీక్షలు అడగండి. హెచ్‌బీఏ1సీ ముందే చెప్పాను. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఉంటే తప్పకుండా చెప్పండి. స్లీవ్ తర్వాత అవి ఎక్కువ, ఎండోస్కోపీ అవసరం పడొచ్చు. వెళ్ళేటప్పుడు పాత డిశ్చార్జ్ సమ్మరీ, ఇప్పటి బరువుల నోట్‌బుక్ తీసుకెళ్ళండి. పొట్ట మడత బాగా ఎర్రబడిన రోజున ఫోన్‌లో ఒక ఫొటో తీసి ఉంచుకోండి, చూపించే రోజుకి తగ్గిపోయి ఉంటే పనికొస్తుంది. మీరు రాస్తున్న ట్యూబు ఖాళీ అయినా పారేయకుండా చర్మ వైద్యుల దగ్గరికి పట్టుకెళ్ళండి. అందులో ఏ స్టెరాయిడ్ ఉందో చూసి, దాన్ని ఒక్కసారిగా ఆపాలా, మెల్లగా తగ్గించాలా అన్నది చెబుతారు.